మజ్రాకు పోయిన గోరింక

రాణికి ఏ కబురు విన్నా ముందుగా చెడ్డదే తోస్తుంది. మొగుడు రత్నాకర్ ఫోన్ ఎత్తకపోతే సైట్‌లో క్రేన్ వచ్చి మీద పడ్డట్టే. బిడ్డ స్కూల్ బస్సు వేళకు మలుపు తిరగకపోతే ఎక్కడో బోల్తా కొట్టినట్టే. లిఫ్టు కొంచెం ఆగి కదిలిందా, తీగ తెగినట్టే. "నీ నెత్తిల ఒక అంబులెన్స్ ఎప్పుడు చూసినా కూత పెట్టుకుంట తిరుగుతనే ఉంటదే" అని రత్నాకర్ నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఇంట్లో భయపడేవాళ్ళు ఒక్కరన్నా లేకపోతే ఇల్లు ఎట్లా నిలబడుతుందని ఆమె లెక్క.

అట్లాంటి మనిషి ఇంట్లోకి, గల్ఫ్ నగరంలో ఉమ్ ఘువైలినా అనే పేటలోని మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి, ఒక గోరింక పిల్ల వచ్చి చేరింది.

ఆ ఫ్లాట్‌లో పాత కిటికీ ఏసీ తీసేసి గోడకు కొత్తది బిగించినప్పుడు, పాతది ఉన్న కంతను లోపలి నుంచి ప్లైవుడ్ ముక్కతో మూసేశారు. బయటి దిక్కు ఇనుప జాలి అట్లనే ఉండిపోయింది. ఆ రెండింటి నడుమ ఉన్న జాగాలో గోరింకల జంట కాపురం పెట్టింది. కోడి కూయని ఊళ్ళో కోడి లేని కొరత అవి తీర్చేవి. తెల్లారక ముందే ఒకటే లొల్లి. ఆరేసిన బట్టల మీద రెట్టలు. అదంతా రాణి ఓర్చుకునేదే. కాని అంతకుముందు బాల్కనీలో కరివేపాకు కుండీ మీద చెంపలు తెల్లగా ఉండే చిన్న పిట్టలు రెండు గూడు అల్లుకున్నాయి. ఎంత సన్నటి గొంతో వాటిది! రాణి ఆ కుండీకి నీళ్ళు పోయాలన్నా చెంచాతో పోసేది. ఒకనాడు గోరింకలు వచ్చి ఆ గూట్లో గుడ్లు ముక్కుతో ఎత్తి కిందికి విసిరేశాయి. తినడానికి కూడా కాదు, ఉత్తగనే. చపాతీ కర్ర పట్టుకొని రాణి తలుపు తీసేసరికి అయిపోయింది. చెంపల పిట్టలు రెండు రోజులు తీగ మీద కూర్చొని కుండీ దిక్కు చూశాయి, తర్వాత మళ్ళీ రాలేదు. అప్పటినుంచి రాణి గోరింకలను పేరు పెట్టి పిలవలేదు. "దొంగముండలు" అనేది.

మార్చి నెలలో దుమ్ముగాలి లేచిన రోజు ఆ కంతలో నుంచి పిల్ల ఒకటి బాల్కనీలో పడింది. ఈకలు సరిగా లేవు, ఒంటికంటే నోరే పెద్దది.

"అమ్మా, బతికే ఉన్నది!" అని సుహాసిని వంగింది. నాలుగో తరగతి పిల్ల. దుమ్ము లేస్తే దగ్గే పిల్ల.

"ముట్టకు! పిట్టల జొరం వస్తది. చేతులు వెనుకకు పెట్టు. దాని తల్లి వచ్చి కొంచబోతది."

తల్లి రాలేదు. గాలికి ఎటు పోయిందో ఏమో. తలుపు అద్దంలో నుంచి చూస్తూ నిలబడ్డ రాణి "సచ్చిపోతదేమో" అని తనలో తాను అనుకున్నది. బయటికే అన్నట్టుంది. ఆ గొంతు వినగానే పిల్ల మెడ సాచి నోరు తెరిచింది. ఎర్రగా, లోపలి దాకా. రాణికి ఇంక చూడబుద్ధి కాలేదు. ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపి, అగ్గిపుల్ల కొనతో పెట్టింది. చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కొని పెట్టింది, అది వేరే సంగతి.

కంటి చుట్టూ, కాళ్ళకూ పసుపు పూసినట్టు ఉందని సుహాసిని దానికి పసుపు అని పేరు పెట్టింది. అది వాషింగ్ మిషన్ మీద నిద్రపోయేది. వంటింట్లో బొద్దింక కనబడితే వదిలేది కాదు. సుహాసిని బడి నుంచి వచ్చి సాక్సులు విప్పుతుంటే వచ్చి ఆ సాక్సు కొన పట్టి గుంజేది. అన్నం వేళ సుహాసిని "రావే, బువ్వ!" అంటే చాలు, ఎక్కడున్నా ఎగిరి వచ్చి భుజం మీద వాలేది. వేసవి ముదిరేసరికి ఆ మాట తనే అనడం మొదలుపెట్టింది. అచ్చం బిడ్డ గొంతే. రాణి ఉలిక్కిపడి "ఏం బిడ్డా?" అని రెండుసార్లు పలికి, తర్వాత సిగ్గుపడింది.

ఒకనాడు అన్నం దగ్గర సుహాసిని అన్నది, "అమ్మా, గోరింకలు ఇన్వేసివ్ అంట."

రాణి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అదేం రోగమే?"

రత్నాకర్‌కు నవ్వుతో పొలమారింది. నీళ్ళు తాగి, "రోగం గాదు. ఈ దేశంవి గావు, బయటి నుంచి వచ్చి ఇక్కడి పిట్టల జాగ గుంజుకుంటయ్ అని. ఎవళ్ళో పెంచుకుందామని పంజరాల్ల తెచ్చిన్రు, అవి తప్పించుకొని ఊరంత నిండినయ్. పార్కులల్ల బోన్లు పెట్టి పడుతలేరా? అదే" అన్నాడు.

"మేడం పోస్టర్ చేసుకరమ్మన్నది. ఒక దిక్కు మంచి పిట్ట, ఒక దిక్కు చీడ. మనకు ఏది అనిపిస్తే అది రాయాలె. నేనేం రాయాలె?"

"మేడంకు ఏది ఇష్టమో అది రాయి," అన్నది రాణి. "మార్కులు పోతయి."

"కని పసుపు బయటి నుంచి రాలే గదా. మన ఏసీ కంతల పుట్టింది. నేను గూడ ఈడనే పుట్టిన. మరి నేను..."

"ఆ మాట బయట అనకు!" రాణి గబుక్కున కిటికీ దిక్కు చూసింది. "ఎవలన్న ఇంటరు."

"మూడో అంతస్తుల ఎవలింటరే? గోరింకలే ఇనాలె," అన్నాడు రత్నాకర్.

"చెంపల పిట్ట గుడ్లు పారేసినయి గద అవి. మరి చీడనే రాయాల్నా?" అని సుహాసిని మళ్ళీ అడిగింది.

"పారేసింది దాని అమ్మనాయిన. ఇది గాదు," అన్నది రాణి. అనేసి, తను ఎవరి దిక్కు మాట్లాడుతున్నదో తెలిసి తనే నివ్వెరపోయింది.

జూన్‌లో సుహాసినికి దగ్గు ఆయాసంలోకి దిగింది. పిల్ల మెడ గుంట లోపలికి పోతుంటే రాణి దాని చెయ్యి పట్టుకొని క్లినిక్‌కు పరుగెత్తింది. అక్కడ డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇంట్లో పిల్లిగానీ పిట్టగానీ ఉన్నాయా అని హిందీలో అడిగింది.

"లేవు," అన్నది రాణి, భయానికి.

"ఉన్నది," అన్నది సుహాసిని. "పసుపు."

డాక్టరమ్మ రాణి ముఖం దిక్కు ఒక్క చూపు చూసింది. ఈకల పొడి ఈ పాపకు పడదని, మందు ఎంత వాడినా పిట్ట ఇంట్లో ఉంటే లాభం లేదని మెల్లగా చెప్పింది.

ఇప్పుడు దాన్ని ఏం చేయాలి? కిందికి పోయి వాచ్‌మన్ లియాఖత్ అలీని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. బోధన్ ఆయన, తెలుగు బాగా మాట్లాడతాడు. "ఇడిసిపెడితె పార్కుల బోన్ల పడుతదమ్మా. మనిషిని చూస్తె ఎగిరిపోయే పిట్టకే దిక్కు లేదు. ఇదేమో సలాం కొట్టుకుంట పోతది."

అప్పుడు రాణికి తమ్ముడు గుర్తుకు వచ్చాడు. వాడు, నర్సింగ్, నగరానికి దూరంగా అల్ ఖోర్ దిక్కు ఒక మజ్రాలో, అంటే తోటలో పని చేస్తాడు. రాణి ఎన్నడూ ఆ మజ్రా చూసింది లేదు. కాని తోట అంటే ఆమెకు తెలియనిదా? మెట్‌పల్లి దగ్గర వాళ్ళ నాయిన మక్క చేను, పసుపు మళ్ళు, గట్ల మీద చెట్లు. మక్క కంకులు పాలు పోసుకున్నప్పుడు పిట్టలు తిన్నకాడికి తిని పోయేవి. నాయిన డబ్బా కొట్టేవాడు, అవి లేచేవి, మళ్ళీ వాలేవి, నాయిన కూడా నవ్వేవాడు. పసుపు బతకడానికి అంతకంటే మంచి జాగా ఎక్కడుంటుంది? ఎంత సేపు ఆలోచించినా, దేనికైనా చెడు వెతికే రాణికి, ఈ ఒక్కదాంట్లో చెడు కనబడలేదు.

శుక్రవారం నర్సింగ్ కూరగాయల పికప్ పట్టుకొని వచ్చాడు. డబ్బాలో పిట్టను చూసి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, మా తాన పిట్టలంటె జర..."

"చెట్లున్నయా లేవా?"

"ఉన్నయ్. ఖజూర్ చెట్లు, నిమ్మ, అంజీర్..."

"నీళ్ళు?"

"ఉన్నయ్ గని, అక్కా, నేను చెప్పేది..."

"మరింకేంది? అక్క ఒక పని చెప్తె ఇన్ని సాకులా? నీ కోడలికి ఊపిరి ఆడుతలేదురా!"

నర్సింగ్ డబ్బా ఎత్తుకున్నాడు. చిన్నప్పటి నుంచి అక్క మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. డబ్బా ఎత్తుకున్నాడు. సుహాసిని తలుపు దగ్గర నిలబడి అమ్మ కొంగు పట్టుకుంది.

"అమ్మా, దాన్ని చంపరు గద?"

రాణి బిడ్డ తల మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు. మంచిగ బతుకుతది. దాని జోలికి ఎవలు రారు."

బిడ్డ తల మీద ఒట్టు పెట్టడం రాణి ఎన్నడూ చేయని పని. నోరు జారితే ఆ పాపం బిడ్డను తగులుతుందని ఆమె భయం. ఆ రోజు మాత్రం తనకు అనుమానమే లేకుండా పెట్టింది.

సుహాసిని ఆయాసం తగ్గింది. నర్సింగ్ ఒక ఫోటో పంపాడు, పసుపు ఖజూర్ పండు పొడుస్తున్నది. "మంచిగున్నది" అని రాశాడు. తర్వాత ఎప్పుడు అడిగినా అదే మాట. వీడియో పెట్టరా అంటే సిగ్నల్ లేదనేవాడు. ఫోన్ గబగబ పెట్టేసేవాడు. ఆ వేసవికి రత్నాకర్‌కు లీవ్ దొరకక ఊరికి పోలేదు. సెలవుల్లో పిల్లకు ఒకటే పాట, పసుపును చూడాలని. ఆగస్టులో ఒక శుక్రవారం ఎండ ముదరక ముందే పోయి వద్దామని బయలుదేరారు. వస్తున్నామని రాణి ఫోన్ చేస్తే నర్సింగ్ "ఇంకో వారం రారాదే" అన్నాడు. తమ్ముడికే ఏమో అయిందని రాణి అనుకున్నది. దెబ్బ తగిలిందేమో, దాస్తున్నాడేమో. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చింది.

మజ్రా గేటు దగ్గర నర్సింగ్ రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు, చక్కగా. రాణికి ప్రాణం కుదుటపడింది.

"ఏం కోడలా, పొడుగైనవ్ గద," అని సుహాసిని జడ లాగాడు. నవ్వాడు కాని కళ్ళు నవ్వలేదు. రత్నాకర్‌ను షెడ్డు నీడకు తీసుకుపోయి, అక్కడున్న పనివాళ్ళతో చాయ్‌కి కూర్చోబెట్టాడు.

చేను లేదు. గట్లు లేవు. గోధుమ రంగు మట్టి మీద నల్ల పైపులు, వరస పెట్టినట్టు ఖజూర్ చెట్లు, ప్రతి గెలకూ వల సంచి కట్టి ఉంది. అంజీర్ చెట్ల నడుమ మనిషి నడుము ఎత్తు జాలిబోను. అందులో పైన ఒక అర, దానికి నీడ కోసం గోనె కప్పారు. నీళ్ళ గిన్నె, పండు ముక్కలు. లోపల పసుపు.

"అమ్మా, దానికి ఇల్లు కట్టిచ్చిన్రు!" సుహాసిని పరుగెత్తింది.

"పసుపూ! రావే, బువ్వ!"

పసుపు కొయ్య మీద ఎగిరి దూకింది. "రావే, బువ్వ! రావే!" అన్నది, వెంటనే గోరింక గొంతుతో గట్టిగా కూసింది, మళ్ళీ మాట, మళ్ళీ కూత. రాణికి కళ్ళు చెమర్చాయి. బతికే ఉంది. ఒట్టు నిలబడింది.

అప్పుడే ఖజూర్ చెట్టు మీది నుంచి రెండు గోరింకలు దిగి బోను కింది అర దగ్గర వాలాయి. అటూ ఇటూ చూసి, గరాటు లాంటి దారిలో తల వంచి లోపలికి నడిచాయి. లోపలికి పోయే దారి ఉంది, వచ్చే దారి లేదు. అవి జాలికి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. సుహాసిని చూపు పసుపు మీదనే ఉంది. రాణి తమ్ముడి చెయ్యి పట్టి నిమ్మచెట్టు వెనుకకు లాగింది.

"ఏందిరా ఇది?"

"ఆ దినమే చెప్పబోయిన అక్కా. నువ్వు ఇనకపోతివి." నర్సింగ్ తల వంచుకున్నాడు. "నేను నా రూములనే దాసిపెట్టిన. ముదీర్, తోట పెద్దసారు, వచ్చి చూసిండు. చేతి మీదికి వచ్చే గోరింక యాడ దొరుకుతది? జైన్, జైన్, మంచిగున్నది అని ఒకటే సంబురం. బోన్ల ఒక పిట్ట కూసుంటెనే మిగితయి వస్తయ్. పాతది ఎండకు సచ్చిపోయింది, దీన్ని పెట్టిచ్చిండు. నేను కాదంటె ఏమైతది? ఆయన మజ్రా, ఆయన మాట."

"పడ్డయాట్ని ఏం జేస్తరు?"

నర్సింగ్ షెడ్డు పక్కన ఈకలు అంటిన నీలం డ్రమ్ము దిక్కు చూసి, చూపు తిప్పుకున్నాడు. రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇడిసిపెట్టు దాన్ని. ఇప్పుడే. బోను మూత ఊడిందని చెప్పు."

"ఇడిస్తె అవుతలి మజ్రాల బోను ఉన్నది, దాని అవుతల ఇంకోటి. మనిషంటె బయం లేదాయె, నడుచుకుంట పోయి కూసుంటది. ఈడ ఉంటెనే బతుకుతది అక్కా. ఈ తోటల పానంతోని ఉన్న గోరింక అదొక్కటే. ఎందుకంటె అది పిలుస్తది."

ఇంటికి తీసుకుపోతే? ఆ మాట రాణి నోటి దాకా వచ్చి ఆగింది. బిడ్డ మెడ గుంట కళ్ళ ముందు కనబడింది. తన ఎరుకలో ఇంకెవరున్నారు? అల్ తుమామాలో రత్నాకర్ మేనేజర్ ఇల్లుంది, వాళ్ళు గేటు లోపలికి కుక్కనే రానివ్వరు. ఎటు తిరిగినా గోడే.

"అవి చేసేది గూడ చూడు," అని నర్సింగ్ ఒక బుట్ట జరిపాడు. అందులో అంజీర్లు, ఒక్కటి బాగున్నది లేదు, అన్నింటికీ పొడుపే. "ఏడాదంత నీళ్ళు కట్టి, వలలు కట్టి... నాకు వాటి మీద కోపం ఉండె అక్కా. ఇటు చూడు." నిమ్మకొమ్మ మెల్లగా పక్కకు వంచాడు. చిన్న గూడు. ఈకలు అప్పుడే నిండుతున్న రెండు పిల్లలు. పైకొమ్మ మీద తెల్ల చెంపల తల్లి, ముక్కులో పురుగు పట్టుకొని, వీళ్ళు ఎప్పుడు జరుగుతారా అని చూస్తున్నది. "పోయినేడు ఒక్క గూడు మిగలలే. ఈసారి నిలబడ్డయి."

రాణి ఆ పిట్టను చూసింది. ఎంత బాధపడింది వీటి కోసం! చపాతీ కర్ర పట్టుకొని ఎంత తిట్టింది! ఇప్పుడు సంతోషపడాలంటే పసుపు అడ్డం వస్తున్నది. ఏడవాలంటే ఈ తల్లి పిట్ట అడ్డం వస్తున్నది. బిడ్డ తల మీద పెట్టిన ఒట్టు నిలిచిందా, తప్పిందా? పసుపు జోలికి ఎవరూ రాలేదు, మంచిగనే బతుకుతున్నది. మరి ఈ పాపం ఎవరి లెక్కలో పడుతుంది?

"మామా."

సుహాసిని ఎప్పుడు వచ్చిందో, వెనుక నిలబడి ఉంది. "కింద ఉన్నయి బయటికి వస్తలేవు. వాటిని ఏం జేస్తరు?"

నర్సింగ్ అక్క దిక్కు చూశాడు. రాణి తమ్ముడి దిక్కు చూసింది.

"దూరం తీసుకపోయి ఇడుస్తరు," అన్నది రాణి.

"యాడికి?"

రాణికి ఊరి పేరు ఒక్కటీ నోటికి రాలేదు. సుహాసిని అమ్మ ముఖాన్ని చూస్తూ ఉంది. తర్వాత బోను దిక్కు చూసింది. మేడం చెప్పిన పాఠమంతా ఆ పిల్ల కళ్ళలో మెల్లగా ఒక చోటికి చేరడం రాణికి కనబడింది. ఆపడానికి చెయ్యి కూడా సాచింది, చెయ్యితో ఆగేదా అది?

"పసుపే పిలుస్తున్నది వాటిని. కదా?"

సుహాసిని బోను దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. జాలికి ముఖం ఆనించి, "పసుపూ, పిలువకే. ఎవ్వల్ని పిలువకు. నోరు మూసుకొని ఉండు, సరేనా?" అన్నది. పసుపుకు తెలిసింది ఒక్కటే, ఆ గొంతు. రెక్కలు విదిలించి, కొయ్య మీద ఈ కొసకూ ఆ కొసకూ దూకుతూ, ఇంతసేపటికంటే గట్టిగా కూసింది. "వద్దే! వద్దంటున్న!" అని పిల్ల అరిచింది. పిట్ట ఇంకా సంబరపడింది. చెట్ల మీద ఎక్కడి నుంచో జవాబు వచ్చింది. ఒకటి వచ్చి బోను మీద వాలింది. సుహాసిని చేతులు కొట్టి తోలింది. అది కొంచెం ఎగిరి మళ్ళీ వాలింది. ఇంకొకటి వచ్చింది.

"లే బిడ్డా, పోదాం," అని రాణి భుజం పట్టింది.

"నేను పోతె మళ్ళ పిలుస్తదా?"

నర్సింగ్ నేల చూపులు చూస్తూ చెప్పాడు, "ఎవలు లేకపోతె జర తక్కువ కూస్తది కోడలా. నిన్ను చూసి గింతగనం మొత్తుకుంటున్నది."

సుహాసిని లేచింది. వెనుకకు తిరిగి చూడలేదు. రెండు చేతులతో నోరు మూసుకొని, కారు దాకా అట్లనే నడిచింది. వెనుక నుంచి "రావే! రావే!" వినబడుతూనే ఉంది, అచ్చం ఆ పిల్ల గొంతుతో. రత్నాకర్ చాయ్ గ్లాసు పెట్టి పరుగున వచ్చాడు. "ఏమైందే? అప్పుడే పోవుడా?" అంటే రాణి తల ఊపి కారు తలుపు తీసింది.

కారులో సుహాసిని అమ్మ ఒడిలో ముఖం పెట్టింది. వీపు ఎగిరెగిరి పడుతున్నది కాని గొంతు బయటికి రావడం లేదు. ఊపిరి బిగబట్టింది.

"ఏడువు బిడ్డా, గట్టిగ ఏడువు. గట్ల బిగబట్టకు, ఊపిరి తీసుకో," అని రాణి వీపు రాసింది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఒడిలో నుంచే, గుసగుసగా, "దానికి ఇనబడ్తది అమ్మా" అన్నది.

రత్నాకర్ అద్దాలు ఎక్కించాడు. గేటు దగ్గర ఒక లారీ అడ్డం ఉంది, అది జరిగే దాకా ఆగాలి. రాణి ఒక చెయ్యి బిడ్డ వీపు మీద పెట్టి, లారీ దిక్కు చూస్తూ, జరగమని లోపల లోపల మొక్కుతూ కూర్చుంది.